గాలం కర్రకు పట్టుదారం

మా మేనల్లుడికి చేపల పిచ్చి. తినే పిచ్చి కాదు, పట్టే పిచ్చి. టెక్సాస్‌లో సముద్రం ఒడ్డున ఉద్యోగం. శనాదివారాలు వస్తే చాలు, గాలం కర్ర భుజాన వేసుకుని బయల్దేరతాడు. పోనీ పట్టినదాన్ని ఇంటికి తెస్తాడా అంటే అదీ లేదు, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాడట. "వదిలేసేదానికి పట్టడం ఎందుకురా?" అని మా అమ్మ అడుగుతూనే ఉంటుంది. వాడు నవ్వేసి ఊరుకుంటాడు.

కొంతకాలంగా కర్ర కొనుక్కోవడం మానేసి తనే తయారు చేసుకుంటున్నాడు. బోలు కడ్డీ ఒకటి నల్లగా, వట్టిగా దొరుకుతుందిట. దానికి పిడి అమర్చి, తాడు దూరడానికి ఉంగరాల్లాంటివి వరసగా పెట్టి, ఒక్కొక్క ఉంగరం కాలినీ దారంతో బిగించి చుట్టాలి. దారం పక్కన దారం, వెంట్రుకవాసి ఎడం లేకుండా. పిడికి పైన ఉన్న జానెడు జాగాలో మాత్రం ఎవరి సరదా కొద్దీ వాళ్ళు రంగురంగుల దారాలతో పావంచాలు, చుక్కలు, చేప బొమ్మలు అల్లుకుంటారు. మగవాళ్ళు కళ్ళజోళ్ళు పెట్టుకుని, నాలిక కొస బయటపెట్టి దారాలు లెక్కపెడుతూ కూర్చుంటారంటే నాకు నవ్వొచ్చింది. మనం చేస్తే కాలక్షేపం, వాళ్ళు చేస్తే కళ!

పోయినేడాది వేసవిలో వచ్చినప్పుడు పొడుగాటి గొట్టంలో పెట్టి ఒక కర్ర తెచ్చాడు. తెచ్చినవాడు చూపించడే! రెండు రోజులు అటకెక్కించి ఊరుకున్నాడు. మూడో రోజు నేనే విప్పించాను. పిడి పైన ఏదో ముదురు మట్టి రంగు, ఆముదం తాగిన గుడ్డపేలికలా ఉంది. "ఇదేం రంగురా?" అన్నాను.

"పసుపు అత్తయ్యా. అమ్మ పట్టుచీర."

మా వదిన పోయి మూడేళ్ళయింది. ఆవిడకో పసుపుపచ్చ పట్టుచీర ఉండేది, మిరపపండు ఎరుపు అంచుతో. మడతల దగ్గర చీకిపోయి కట్టుకోవడానికి పనికిరాకుండా పోయింది. వాడు అందులోంచి దారాలు ఒక్కొక్కటే లాగి, కండెకి చుట్టి, పదిహేను రాత్రులు కూర్చుని కర్రకి చుట్టాడట. చుట్టినప్పుడు మెరిసిపోయిందట. పైన వార్నీషులాంటి బంక పూశాడు. కళ్ళ ముందే పసుపు దిగిపోయి, కింద ఉన్న నలుపు పైకి తేలింది. ఎరుపు అంచు వక్కపొడి రంగయింది. గట్టిపడ్డాక ఇక తీయడానికి లేదు.

మా అమ్మ ఆ కర్రని చేత్తో తడిమి, "పట్టు తడిస్తే రంగు మారదుట్రా? ఆరాక మళ్ళీ వస్తుంది. నువ్వు దాన్ని ఆరనివ్వలేదు" అంది.

ఆవిడ అన్నమాటలో ఎంత శాస్త్రం ఉందో నాకు తరవాత పుస్తకాలు తిరగేస్తే గాని తెలియలేదు. వార్నీషు పూయడమంటే దారాన్ని శాశ్వతంగా తడిపి ఉంచడమే. పొడి దారంలో పోగుకీ పోగుకీ మధ్య గాలి ఉంటుంది. వెలుగు గాలిలోంచి పోగులోకి, పోగులోంచి గాలిలోకి మారినప్పుడల్లా చెదిరి మన కంటికి తిరిగొస్తుంది. ఆ చెదరడమే మనం చూసే రంగు, తెలుపు, మెరుపు. గాలి పోయి ఆ జాగాలో నూనో బంకో నిండిందనుకోండి, వెలుగుకి అడ్డు తగిలేదేమీ ఉండదు. నేరుగా లోపలికి పోయి కింద ఉన్న కర్రని చూపిస్తుంది. వెలుగు వంగే కొలత నీళ్ళకి 1.33, పట్టుకి సుమారు 1.55, వార్నీషుకి సుమారు 1.5. పట్టూ వార్నీషూ ఇంచుమించు ఒకటే కాబట్టి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనబడకుండా పోతాయి. తెల్లవారుజామున తడివాకిట్లో వేసిన ముగ్గు ముందు మసకగా ఉండి, నేల ఆరేకొద్దీ తెల్లగా తేలడం మనం రోజూ చూసేదే. మేనల్లుడి కర్ర మీద జరిగింది దానికి తిరగేసిన సంగతి.

అలా ఆ దారం కొస పట్టుకుని బయల్దేరాను. గాలం కర్రకి రంగు వేయడం మొన్నమొన్నటి వేడుకేమో అనుకున్నాను. కాదు, అయిదు వందల ఏళ్ళకి పైబడ్డ ముచ్చట.

ఇంగ్లీషులో గాలం వేయడం మీద అచ్చయిన మొదటి పుస్తకం 1496 నాటిది. ఆ ముద్రాపకుడి పేరు వింకిన్ డి వోర్డ్. రాసింది మాత్రం ఒక ఆడమనిషి అని చాలాకాలం చెప్పుకున్నారు. డేమ్ జూలియానా బెర్నర్స్, సన్యాసినుల మఠానికి పెద్ద. పండితులు ఇప్పుడు అది నమ్మలేమంటున్నారు. మగపేరు ఉన్న పుస్తకాన్ని ఇంత పట్టుదలగా అనుమానిస్తారా అని నాకో చిన్న అనుమానం. సరే, ఎవరు రాసినా చెయ్యి తిరిగిన వంటమనిషే రాశారు. ఎందుకంటే అందులో రంగులు కాచే పద్ధతులు అచ్చం వంటల్లాగే ఉంటాయి.

అప్పట్లో గాలం తాడు గుర్రపు తోక వెంట్రుకలతో పేనేవారు. తెల్లగుర్రం తోకలోంచి పొడుగాటివి ఏరి, ఆరు భాగాలు చేసి, ఆరు రంగులు వేసుకోమంటుంది ఆ పుస్తకం. ఆకుపచ్చ కావాలంటే పలచటి బీరులో పటిక వేసి, అందులో వెంట్రుకలు సన్నసెగ మీద ఉడికించాలి. తీసి ఆరబెట్టాలి. పసుపు రంగునిచ్చే ఒక మొక్కని ఇంకో గిన్నెలో కాచి, ఆ కషాయంలో అన్నభేది పొడి కలిపి వెంట్రుకల్ని మళ్ళీ వేయాలి. పటిక, అన్నభేది! మన కలంకారీ వాళ్ళు ఈనాటికీ వాడేవే. పటిక రంగుని పట్టి ఉంచుతుంది, అన్నభేదిలోని ఇనుము దాన్ని ముదురు చేస్తుంది. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మచిలీపట్నం!

ఇన్ని రంగులెందుకూ అంటే చేప కళ్ళు కప్పడానికి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తేట నీళ్ళలో ఆకుపచ్చ. ఆ తరవాత నవంబరు వరకు పసుపు, ఎండిన గడ్డి రంగులో కలిసిపోతుందని. చలికాలమంతా కావిరంగు. కదలని నల్లనీళ్ళలో గోధుమరంగు. మనం పండక్కో చీర అనుకుంటాం, ఆవిడ రుతువుకో తాడు అంది. కర్ర సంగతి ఇంకా గమ్మత్తు. చేతికర్రలా కనబడేలా బోలుగా తొలిచి, పై ముక్కని అందులో దాచుకోమంటుంది. ఎక్కడికి వెళ్తున్నావో ఎవరికీ తెలియకూడదట!

తరవాత నూట యాభై ఏళ్ళకి ఐజాక్ వాల్టన్ వచ్చాడు. లండన్‌లో బట్టల వ్యాపారి. 1653లో ఆయన రాసిన చేపల పుస్తకం ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. బట్టలమ్మినవాడికి రంగు సంగతి తెలియకుండా ఉంటుందా? కర్రకి రంగు వేసే పద్ధతి ఆయన ఓపిగ్గా చెప్పాడు. ముందు బంక నీళ్ళలో మరగబెట్టి వేడివేడిగా కర్రకి పట్టించాలి. అది బాగా ఆరాక తెల్ల సీసం, కొంచెం సిందూరం, కొంచెం బొగ్గుపొడి కలిపి, అవిసెనూనెతో నూరి, బూడిద రంగు పూత పలచగా వేయాలి. ఏ రంగు వేయదలచుకున్నా ముందు ఈ పూత ఉండవలసిందే. దాని మీద ఆకుపచ్చ కావాలంటే పింకూ చిలుమూ కలిపి నూరాలి.

పింకులోంచి ఆకుపచ్చ ఎలా వస్తుందా అని నేను రెండు రోజులు తల గోక్కున్నాను. తీరా చూస్తే ఆ రోజుల్లో పింక్ అంటే పసుపు రంగట! అడవిపళ్ళ రసంలోంచి తీసే పసుపుపచ్చటి పొడికి ఆ పేరు. గులాబీ వన్నెకి ఆ మాట స్థిరపడింది తరవాత. ఇక చిలుము అంటే మన ఇత్తడి, రాగి గిన్నెలకి పులుపు తగిలితే పట్టే ఆకుపచ్చ విషమే. కళాయి వేయించకపోతే పులుసు చెడి ప్రాణం మీదికి తెస్తుందని మా నాయనమ్మ భయపడేది. ఆ విషాన్ని పోగుచేసి, నూనెలో నూరి రంగుగా పూశారు.

విషం అన్నాను కాబట్టి తెల్ల సీసం మాట కూడా చెప్పాలి. కర్రకి గానివ్వండి, గోడకి గానివ్వండి, బొమ్మకి గానివ్వండి, యూరపులో కొన్ని వందల ఏళ్ళు తెల్లరంగంటే అదే. సీసం బిళ్ళల్ని పులిసిన ద్రావకం ఆవిర్లలో, పేడ వేడిలో నెలల తరబడి మగ్గబెడితే పైన తెల్లటి పొర కడుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో, ముఖ్యంగా న్యూకాసిల్ ప్రాంతంలో, ఆ తెల్లపొడి తట్టల్ని మోసిందీ కొలుముల్లో పేర్చిందీ ఎక్కువగా ఆడవాళ్ళే. కూలి తక్కువ కదా. కడుపు నొప్పులు, గర్భస్రావాలు, ఫిట్లు, కొందరికి చూపు పోవడం. 1898లో గాని ప్రమాదకరమైన ఆ పనుల్లో ఆడవాళ్ళని పెట్టకూడదన్న నిబంధన రాలేదు. ఏ రంగు చూసినా "అబ్బ, ఎంత బాగుందో" అనే అలవాటు నాకు ఇది చదివాక కాస్త తగ్గింది.

వాల్టన్ కాలం దాకా రంగు దాక్కోవడానికే. చేపకి కనబడకూడదు, అంతే. మనిషికి కనబడాలన్న సరదా పట్టుదారంతో మొదలైంది. 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో వెదురుని నిలువునా సన్నటి పలకలుగా చీల్చి, ఆరు పలకల్ని జిగురుతో అతికి కర్ర చేయడం మొదలెట్టారు. ఆ వెదురు ఎక్కడిదనుకున్నారు? మన దేశానిదే. కలకత్తా రేవు నుంచి వెళ్ళేది కాబట్టి కలకత్తా వెదురు అనేవారు. నిప్పుతో కాల్చిన మచ్చలతో ఉండేది. ఆ నాటి జిగురుకి తడి తగిలితే ఊడిపోయే గుణం ఉంది. అందుకని కర్ర పొడుగునా దగ్గరదగ్గరగా పట్టుదారం కట్లు కట్టేవారు. అవసరానికి కట్టిన కట్టు మెల్లగా అలంకారమైంది. ఎరుపు, పచ్చ, నారింజ. కట్ల వరసని బట్టి, రంగుని బట్టి ఇది ఫలానావారి చేతి పని అని చెప్పేసేవారు. పట్టుదారం చుట్టే పనికి చాలా కర్మాగారాల్లో ఆడపిల్లల్నే పెట్టారు. కర్ర మీద పేరు యజమానిది.

అందరికీ రంగు పోయే చిక్కు అప్పుడే ఎదురైంది. కొందరు తెలివిగా తెల్లపట్టుతో చుట్టి, వార్నీషులో అది అద్దంలా మాయమైపోతే అదే అందం అన్నారు. రంగే కావాలన్న వాళ్ళు మాత్రం వార్నీషుకి ముందు దారం మీద పలచగా లక్క ద్రావకం పూశారు. ఆ లక్కా మన అడవుల నుంచి వెళ్ళిందే. కుసుమ చెట్లమీద, మోదుగ చెట్లమీద పురుగులు కట్టే లక్క. సారాయంలో కరిగించి పూస్తే చప్పున ఆరి, వార్నీషు లోపలికి ఇంకకుండా అడ్డు కూర్చుంటుంది. పోగుల మధ్య గాలి అలాగే ఉంటుంది, రంగూ అలాగే ఉంటుంది. అయితే వార్నీషు లోపలికి ఇంకకపోతే కట్టు బలం కాస్త తగ్గుతుంది. అందమా, గట్టిదనమా అన్న తగువు ఈనాటికీ వాళ్ళలో తేలలేదట. చీరలు కొనేటప్పుడు మనకీ ఇదే తగువు కదూ.

ఇంతవరకూ ఒక దారి. నాకు ఎక్కువ నచ్చింది రెండో దారి, జపానుది.

టోక్యోకి ఎడో అని పేరున్న రోజుల్లో గాలం కర్ర చేయడం అక్కడ ఒక కులవిద్యలా పెరిగింది. 1788లో తోసాకు అనే ఆయన దుకాణం పెట్టాడనీ, ఆయన కత్తి వదిలిపెట్టి వెదురు పట్టిన సమురాయ్ అనీ చెబుతారు. తరతరాలుగా ఆ పేరు నడిచింది. వెదురు ఏరడం, ఆరబెట్టడం, వంపు తీయడం, కణుపుకి కణుపు తొడగడం, పట్టుదారం చుట్టడం, దానిపైన లక్కలాంటి పూత పూయడం, అన్నీ ఒక్క మనిషే చేస్తాడు.

ఆ పూతని ఉరుషి అంటారు. మన లక్క పురుగు నుంచి వస్తుంది, ఇది చెట్టు గాటులోంచి కారే పాలు. ఆ చెట్టు మామిడికీ, జీడిమామిడికీ, నల్లజీడికీ చుట్టం. మామిడి సొన మూతికి తగిలితే ఎలా పొక్కుతుందో, చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి చేతికి తగిలితే ఎలా పుండవుతుందో మనకి తెలుసు. ఉరుషిదీ అదే గుణం. ఆ విద్య నేర్చుకోవడానికి చేరినవాడికి మొదటి బహుమానం ఒళ్ళంతా దద్దుర్లే.

ఇంకో విడ్డూరం వినండి. ఏ రంగయినా ఎండలో పెడితే ఆరుతుంది. ఉరుషి మాత్రం తడిలో ఆరుతుంది! గాలిలో నూటికి డెబ్భై, ఎనభై పాళ్ళ తేమ ఉంటేగాని గట్టిపడదు. అందుకని తడిబట్టలు వేలాడదీసిన చెక్క బీరువాలో పెట్టి మూస్తారు. మన వర్షాకాలం వాళ్ళకి పండగన్నమాట.

ఉరుషి స్వతహాగా తేనెరంగు. ఏ రంగు కలిపినా తేనెలోంచి చూసినట్టే ఉంటుంది. అందుకని వందల ఏళ్ళపాటు వాళ్ళకి దొరికినవి వేళ్ళమీద లెక్కపెట్టే రంగులే. ఇనుముతో గాని మసితో గాని నలుపు, ఇంగిలీకంతో ఎరుపు, హరిదళంతో పసుపు, హరిదళంలో నీలిమందు కలిపి ఆకుపచ్చ, ఉన్న రంగు ఉన్నట్టుగా గోధుమ. తెలుపు లేదు. ఏ తెల్లపొడి కలిపినా పాలు ఎక్కువైన కాఫీలా వచ్చేది. మరి తెల్లటి పువ్వు వేయాలంటే? గుడ్డు పెంకు! పెంకుని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్కటే తడి ఉరుషి మీద అతికి, పైన పూత పూసి, మళ్ళీ పెంకు బయటపడేదాకా అరగదీసేవారు. వంటింటి చెత్తలోంచి తెలుపు పుట్టింది.

ఇంగిలీకం ఎరుపు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి దండగ. తొందరపడి ఎక్కువ తేమలో చప్పున ఆరబెడితే ఆ ఎరుపు నల్లబడిపోతుంది. నిదానంగా, తక్కువ తేమలో ఆరబెట్టాలి. అలా చేసినా బయటికి తీసిన రోజున ముదురుగా, చచ్చినట్టుగానే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ, ఏళ్ళు గడిచేకొద్దీ ఉరుషిలోని గోధుమరంగు పలచబడి, లోపలి ఎరుపు మెల్లగా పైకి వస్తుంది. చేసినవాడు చూసేది మొద్దురంగు, వాడుకున్నవాడి కొడుకు చూసేది అసలు రంగు.

పిడి దగ్గర అలంకారానికి వాళ్ళు ఇంకో యుక్తి పన్నారు. ఉరుషి పూతని గరుకుగా, ఎత్తుపల్లాలుగా వేసి, దానిమీద ఒక రంగు, ఆపైన ఇంకో రంగు, ఇలా పొరలు పొరలుగా పూసి, ఆఖర్న బొగ్గుతో నున్నగా అరగదీస్తారు. ఎత్తున్న చోట అడుగు రంగు బయటపడుతుంది, పల్లం ఉన్న చోట పై రంగు నిలుస్తుంది. తాబేలు డిప్పలా, చలువరాయిలా, మబ్బుపట్టిన ఆకాశంలా వస్తుంది. ఎడో కర్రలకి 1991లో జపాను ప్రభుత్వం సాంప్రదాయ కళగా గుర్తింపు ఇచ్చింది. మన ఏటికొప్పాక లక్కబొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినట్టన్నమాట. అంకుడు కర్ర మీద తిరుగుతుండగా లక్క ఒత్తితే రాపిడి వేడికే కరిగి రంగు పట్టే ఆ విద్యకీ, దీనికీ దగ్గర చుట్టరికమే.

1950లో అమెరికా చైనాతో వర్తకం నిలిపేసింది. కొరియా యుద్ధం రోజులు. అప్పటికి కలకత్తా వెదురు మూలపడి, అందరూ దక్షిణ చైనా నుంచి వచ్చే వెదురుకే అలవాటు పడి ఉన్నారు. అది ఆగేసరికి వెదురు కర్రల దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ జాగాలోకి గాజునార కర్రలు వచ్చాయి. 1970ల్లో కర్బననార వచ్చింది. తేలిక, గట్టి, బొగ్గులాంటి నలుపు. పాత వార్నీషు బదులు రెండు సీసాల్లోంచి చెరిసగం కలిపి పోసే ఎపాక్సీ బంక వచ్చింది. 1930ల్లో స్విట్జర్లాండులో ఒకాయన కట్టుడు పళ్ళకి మంచి పదార్థం కోసం వెతుకుతూ కనిపెట్టిన సరుకది! ఒక్క పూతకే అద్దంలా నిలుస్తుంది. కాకపోతే చిక్కగా ఉండి కిందికి జారుతుంది కాబట్టి, గట్టిపడేదాకా కర్రని చిన్న మోటారుకి కట్టి గంటలకొద్దీ మెల్లగా తిప్పుతూనే ఉండాలి.

ఈ బంకలోనే రంగుపొడి కలిపి పూయడం, రెండు మూడు రంగులు పక్కపక్కన ఒలికించి పుల్లతో గీసి పాలరాయి చారలు తెప్పించడం ఇప్పటి సరదా. ఇక్కడే మళ్ళీ మొదటికొచ్చాం. నల్లటి కర్ర మీద ఎంత మంచి రంగు వేసినా మింగేస్తుంది. అడుగున తెలుపు పడాలి. వాల్టన్ ముందు పూత వేయమన్నది ఊరికే కాదు. ఇప్పటి తెలుపు సీసం కాదు, టైటానియం. 1791లో ఇంగ్లండులో ఒక క్రైస్తవ మతగురువు వాగులో దొరికిన నల్లటి ఇసుకలో ఆ లోహం జాడ మొదట పట్టాడు. అటువంటి నల్లటి ఇసుక మన భీమిలి తీరాన కూడా ఉంది, కాళ్ళకి అంటుకుంటే విసుక్కుంటాం. అందులోంచి పాలకంటే తెల్లటి పొడి తీస్తారు. 1916 ప్రాంతంలో నార్వేలోనూ అమెరికాలోనూ దాని తయారీ పెద్దఎత్తున మొదలైంది. వెలుగు వంగే కొలత దానికి సుమారు 2.7. బంకకి 1.5. ఇంత తేడా ఉంటే ఇక ఏ బంకలోనూ కలిసి మాయమవదు. ఉరుషి వాళ్ళు కూడా ఇప్పుడు తెలుపుకి ఇదే కలుపుతారు, తేనెరంగు ఛాయ మాత్రం పూర్తిగా పోదు.

దాని మీదికి నీలం కావాలంటే 1928లో స్కాట్లాండులో ఒక కర్మాగారపు పాత్ర బీటలువారి, పొరపాటున పుట్టిన నీలం ఉంది. మూలం ఆ పొరపాటే. కాస్త మార్చి, ఇనుము బదులు రాగి పెట్టి 1935లో అమ్మకానికి తెచ్చారు. ఎండకి వెలవని నీలం. తళుకు కావాలంటే అభ్రకం రేకుల మీద టైటానియం పలచగా పూసిన పొడి. ఒకప్పుడు ఆ ముత్యపు తళుకు చేప పొలుసుల్లోంచి తీసేవారు, పారిస్‌లో 17వ శతాబ్దం నుంచీ. చేపని పట్టే కర్రకి చేప మెరుపే! ఇప్పుడు అభ్రకం అంటే మా గూడూరు వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. కాని లోకంలో వాడే తళుకులో కొంత ఝార్ఖండ్ అడవుల్లో కూలిపోయిన గనుల నుంచి చిన్నపిల్లలు ఏరి తెచ్చిన అభ్రకమేనని 2016లో పత్రికలన్నీ రాశాయి. మేనల్లుడికి అది చెప్పాను. "తళుకు వాడనులే అత్తయ్యా" అన్నాడు.

వాడు తిరిగి వెళ్ళేటప్పుడు చీరలో మిగిలిన గుడ్డ అడిగి పట్టుకెళ్ళాడు. ముందు వట్టి కర్రముక్క మీద మామూలు పసుపుదారంతో పరీక్ష పెట్టుకోమని నేనూ, తడి చెయ్యి తగలనివ్వకమని మా అమ్మా చెప్పాం. ఏడు ముక్కలు పాడు చేశాడట. దసరా ముందు ఫొటో పంపించాడు. నల్లటి కర్ర మీద ముందు తెల్ల పూత, దానిమీద మా వదిన పసుపు, రెండు వైపులా ఎరుపు అంచు, పైన లక్క రెండు సార్లు, ఆపైన బంక. పసుపు కొంచెం పాలిపోయింది గాని పసుపే. ఎరుపు మిరపపండే. చిట్టచివరి ఉంగరం దగ్గర మాత్రం మొదట చుట్టిన పాత కట్టు ఒకటి తీయకుండా అలాగే ఉంచేశాడు, ఆముదం రంగులో.

మా అమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. "చేపలు పడ్డాయా దీనికి?" అని అడగమంది.

అడిగాను.

"ఇంకా నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళలేదు అత్తయ్యా" అన్నాడు.

—